గొడుగు మీదనే

భార్య చంద్రమ్మ పోయాక రామచంద్రం ఆ గోడను చూసి ఉమ్మని రోజు లేదు.

కొండాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ల వెనకాల వాళ్ళ బస్తీ. రోడ్డెక్కాలంటే మధ్యలో ఒక సందు ఉండేది. తాతల నాటి దారి. ఎమ్మెల్యే మహేందర్ దానికి అడ్డంగా గోడ కట్టించాడు. ఇదివరకు అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఓట్ల నాడు సెలవనుకుని పడుకునేవారు. ఈ మధ్య గొడుగు పార్టీ అని సగం మంది, ఈల పార్టీ అని సగం మంది ఫోన్లలోనే కొట్టుకు చస్తున్నారు. పంతం పట్టి వచ్చి ఓట్లేస్తున్నారు. వాళ్ళను తన గొడుగు కిందికి తెచ్చుకోవాలని మహేందర్ ఆరాటం. బస్తీ వాళ్ళు మా గేటు ముందు తిరగకూడదని వాళ్ళు అడిగారు. గోడ లేచింది.

చంద్రమ్మకు గుండెనొప్పి వచ్చిన నాడు ఆటో గోడ అవతలే ఆగిపోయింది. రామచంద్రం మహేందర్‌కు ఫోన్ చేశాడు. గొడుగు జెండా మోసి మోసి భుజం కాయకాచిన మనిషి. అయినా అవతల ఎత్తలేదు. పక్కింటి రాములు పరుగెత్తుకొచ్చి ఆమె మంచాన్ని ఒక పక్క ఎత్తాడు. రాములుది ఈల పార్టీ. కిందటి ఓట్లప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మంచాన్ని గోడ మీదుగా దాటించి, దవాఖానకు చేరేసరికి చంద్రమ్మ లేదు.

రామచంద్రం ఏడవలేదు.

"గీ గొడుగు ఇరగ్గొట్టకపోతే నేను మా అయ్యకు పుట్టలే" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత రాములుతో అన్న మొదటి మాట అది.

మళ్ళీ ఓట్లొచ్చాయి. మాదాపూర్‌లో హాస్టళ్ళ ముందు రామచంద్రం చాయ్ డబ్బా. మహేందర్ అపార్ట్‌మెంట్ల సెక్రటరీ వినయ్‌ను వెంటబెట్టుకుని అక్కడికే వచ్చాడు. చంద్రమ్మ ఊసెత్తలేదు.

"మావాళ్ళలో మన పార్టీవాళ్ళ సంగతి నేను చూసుకుంటానండి. మరి ఆ బస్తీ ఓట్లో?" అన్నాడు వినయ్.

"వాళ్ళ ఫికర్ మీకెందుకు సార్? ఎల్లమ్మ ఫోటో ముంగట బండారి పట్టిచ్చి ఒట్టేపిస్తే సచ్చినా తప్పరు. గొర్లు! ఏమంటవ్ రామచంద్రం మామా?"

"గంతేనే" అని రామచంద్రం అతని చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేశాడు.

అన్నట్టే మహేందర్ బస్తీకి వచ్చాడు. ఎల్లమ్మ ఫోటో, పళ్ళెంలో పసుపు బండారి. ఎక్కడ నొక్కాలో చూపడానికి అట్టతో చేసిన ఓట్ల మిషన్.

"అందరు గట్టిగ చెప్పాలె. గొడుగు మీదనే నొక్కుత అనాలె."

రామచంద్రం ఆ అట్టను చాలాసేపు చూశాడు. తర్వాత అందరికంటే ముందు వెళ్ళి గుప్పెట నిండా బండారి తీసుకున్నాడు.

"ఎల్లమ్మ తల్లి సాక్షిగ, గొడుగు మీదనే నొక్కుత. మాట తప్పితే నా కండ్లు పోవాలె."

"చూసిన్రా! మనిషంటే గిట్లుండాలె" అని మహేందర్ అతని భుజం చరిచాడు.

బస్తీ అంతా అదే మాట అన్నది. దూరంగా నిలబడ్డ రాములు కాండ్రించి ఉమ్మాడు.

"థూ, నీ బతుకు! పెండ్లాం సచ్చినా బుద్ధి రాలే."

మహేందర్ వెళ్ళాక వెనకింటి సుబ్బమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నాకు గూడ వానికి ఎయ్యబుద్ధి లేదు తమ్మీ. కాని ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు పెడితిమి. ఇగ ఎట్ల తప్పుత?"

"నిన్నెవరు తప్పుమన్నరే అక్కా?" రామచంద్రం వాళ్ళు వదిలేసి పోయిన అట్టను ఆమె ముందు పెట్టాడు. "గొడుగు గుర్తు ఏది?"

"ఇగో, గిది."

"దాని మీద ఏమున్నది?"

సుబ్బమ్మ వేలు ఒక గడి పైకి జరిపింది. "ఈల."

"మరి? గొడుగు మీదనే నొక్కుతమన్నం. గొడుగును నొక్కుతమని ఎవలన్న అన్నరా?"

సుబ్బమ్మ నోరు తెరిచింది. తర్వాత మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓరి నీ పాడుగాను!" రాములు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. రాత్రికి ఆ మాట బస్తీ అంతా పాకింది.

అపార్ట్‌మెంట్ల ఓట్లు ఆ సగం ఈ సగంగా చీలాయి. బస్తీ ఓట్లు ఒక్కటీ చీలలేదు. మహేందర్ ఓడిపోయాడు.

మర్నాడే చాయ్ డబ్బా మీదికి వచ్చాడు.

"ఒట్టు పెట్టి తప్పినవ్ గదరా ముసలోడా! ఎల్లమ్మ ఊకుంటదా?"

"తప్పలేదే. గొడుగు మీదనే నొక్కిన. గొడుగు మీద ఏముండెనో నీ అట్టల్నే ఉండె. ఆ మాట గూడ నువ్వు చెప్పిచ్చిందే."

మహేందర్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మొహం నల్లబడింది.

"మాట తప్పితే కండ్లు పోవాలన్న. పోలే. మంచిగున్నయ్" అన్నాడు రామచంద్రం, గ్లాసు కడుగుతూ. "నీ మొకం మంచిగ కనబడుతున్నది."

సాయంత్రం గెలిచిన ఈల పార్టీవాడి ఊరేగింపు మొదట అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే ఆగింది. వినయ్ దండ వేశాడు. రాములు తలొంచుకున్నాడు.

"మావోడు గూడ గోడ తియ్యడేమో మామా."

రామచంద్రం గోడను చూసి ఉమ్మాడు.

"తియ్యకపోతే మళ్ళ ఒట్టుకు రాడా? ఈల మీద గూడ బటన్లుంటయ్."