ఐదింటి పిలుపు

"'ఆ పిల్లకి పక్కింటికి వినపడే గొంతే లేదు, కొండల్లో ఎవరికి ఏం చెబుద్దమ్మా' అని జక్రయ్య పాస్టరు గారే అన్నారే! నా మాట కాదు," అంది జయకుమారి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదకి పట్టా లాగుతూ.

"ఆయనంటే నువ్వు ఊఁ కొట్టొచ్చావా?" అంది మహిమ, పట్టా రెండో కొస పట్టుకుని.

"కొట్టనా మరి? డిగ్రీ సగంలో మానేశావు. కుట్టు నేర్చుకుంటానని మిషన్ కొనిపించావు, నేర్చుకున్నావు, దాన్నీ మూలన పడేశావు. ఇప్పుడు దేవుడి పనంట, జీతం లేదంట, పాపువా న్యూగినీ అంట! ఆ పేరు పలకటానికే నాకు నోరు తిరగట్లా."

"వీసా వచ్చేసిందమ్మా."

"అయితే ఎల్లు. మూడు నెలలు చూసి, పనికిరావని వాళ్లు ఎనక్కి పంపితే మాత్రం నా ముఠాలో నీకు చోటు లేదు. ఇప్పుడే చెబుతున్నా."

జయకుమారి ముఠా అంటే నల్లపాడు చుట్టుపక్కల రైతులకి గురి. ముప్ఫై రెండు మంది ఆడోళ్లు. మిరపకోతలకైనా, పత్తి తీతకైనా వాళ్లే కావాలి. పొద్దున ఐదింటికి జయకుమారి చర్చి మెట్ల మీద నిలబడి, నడుం మీద చెయ్యేసి, గడ్డం పైకెత్తి ఒక్కొక్కరినీ పిలిచేది. ఉత్త పేరు పిలవదు, పేరుతో పాటు ఒక చురక.

"ఏమే నాగజ్యోతీ! టీ మీ ఆయన పెట్టాడా, ఇంకా నువ్వే పెట్టాలా?"

పిలిపించుకున్న మనిషి "ఆఁ, వస్తన్నా!" అనాలి. రానిరోజైతే "ఆఁ, ఇయ్యాల రాను" అనాలి. ఏదో ఒకటి పలకాలి. మూడు రోజులు పలక్కపోతే పేరు కొట్టేసినట్టే. సొంత చెల్లెలి పేరే అట్టా కొట్టేసింది జయకుమారి.

ఆ పిలుపు మనిషి ఎక్కడుంటే అక్కడికి పోయేది. నాగజ్యోతి పురిటికని దాచేపల్లి వెళ్తే, ఆ సిమెంటు దుమ్ములో కూడా సరిగ్గా ఐదింటికి వినపడింది. "ఆఁ, ఇంకో రెండు నెలలు రాను" అని మంచం మీంచే పలికింది. ఆ పలుకు ఇక్కడ చర్చి మెట్ల దాకా వచ్చింది. ఫోను ఖర్చు కలిసొచ్చిందిలే అనుకున్నారు అందరూ.

మహిమ వెళ్లింది. పెట్టెలో రెండు కిలోల కారం, ఒక గోంగూర పచ్చడి సీసా, బైబిలు.

అక్కడంతా కొండలు, చలి, మధ్యాహ్నం దాకా విడవని మంచు. ఆడోళ్లు నుదుటికి తగిలించుకున్న అల్లిక సంచుల్లో చిలగడదుంపలు మోసుకుంటూ తిరిగేవాళ్లు. మహిమ పని, వాళ్లకి రేకుల షెడ్డులో చదువూ కుట్టూ నేర్పటం. మొదటిరోజు పదింటికి పెడితే ఒక్క పిట్టా రాలేదు. షెడ్డు బయట నిలబడి "రండి" అంది. ఆ మాట ఆమె చెప్పుల దాకా పోయి ఆగింది.

మర్నాడు తొమ్మిదిన్నరకి, అంటే మన ఐదింటికి, కొండ అదిరింది.

"మహిమా! ఏమే మహిమా! ఆ దేశంలో తెల్లారలేదేంటే?"

దుంపలు తవ్వుతున్న ఆడోళ్లు తలెత్తారు. ఎవరు, ఏ భాష అని ఒక్కళ్లూ అడగలేదు. "పిలుస్తున్నారు, పదండి" అనుకుని సంచులు సర్దుకుని కిందకి దిగొచ్చారు. ఆ రోజునుంచీ అదే గంట. జయకుమారి పిలిచేది, వాళ్లు దిగేవాళ్లు, తరగతి నడిచేది. అక్కడి క్రైస్తవ మిషన్ పెద్దాయన సంతోషపడిపోయాడు.

మహిమకి తెలుసు, అది తన గొప్ప కాదని. అందుకే పలకలేదు. కోపం కొంత. భయం ఇంకొంత. పలికిన పలుకు ఈ కొండ కిందే పడిపోతే అమ్మ అన్నదే నిజమైపోతుంది కదా.

దెబోరా అని ఒక ముసలామె రోజూ అందరికన్నా ముందొచ్చేది. ఒకరోజు వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేసింది.

"మీ అమ్మ రోజూ పిలుస్తోంది. నీకు నోరు లేదా, నన్ను పలకమంటావా?"

మహిమ ఇంకో సూదిలో దారం ఎక్కించి ఆమె చేతికిచ్చింది.

నలభై ఒకటో రోజు పిలుపు రాలేదు. ఫోనులో నాగజ్యోతి మాట మాత్రం వచ్చింది.

"ఏమే, మీ అమ్మ నీ పేరు కొట్టేసిందే. మేమే అడిగాం. మాకైతే మూడు రోజులు, కూతురికైతే నలభై రోజులా అన్నాం. న్యాయమేలే అంది. అని, కోతకొచ్చింది. తెచ్చుకున్న క్యారేజీ మూత కూడా తియ్యలేదే ఆ పూట."

ఆ వారం షెడ్డుకి ఒక్కళ్లూ రాలేదు. దెబోరా కూడా రాలేదు. పిలవందే ఎట్టా వస్తారు? మిషన్ పెద్దాయన మెత్తగానే చెప్పాడు: "శనివారం లోపు తరగతి నడవకపోతే ఇంటికి టికెట్ తీస్తానమ్మా. తప్పుగా అనుకోకు."

శుక్రవారం తొమ్మిదిన్నరకి మహిమ షెడ్డు వెనక బండరాయి ఎక్కింది. "రూతు గారూ, దయచేసి రండి" అని తరగతికొచ్చే ఒకామెని పిలిచింది. మంచు మింగేసింది. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. నడుం మీద చెయ్యేసింది. గడ్డం పైకెత్తింది.

"ఏమే రూతూ! ఆ దుంపలకేమన్నా కాళ్లున్నాయా పారిపోటానికి? దిగు!"

అచ్చ తెలుగే. అమ్మ గొంతులా కొండని అదరగొట్టే గొంతు కాదది. సన్నది. గుడ్డలోంచి సూది దిగినట్టు మంచులోంచి దిగిపోయింది. మూడో కొండ మీంచి "ఆఁ!" అని వినపడింది.

"ఏమే నయోమీ! పందిపిల్లకి జోలపాడింది చాల్లే, రా! దెబోరమ్మా, పిలిస్తేగానీ రావా, పెళ్లికూతురివా?"

పంతొమ్మిది పేర్లు, పంతొమ్మిది చురకలు. కొండలన్నీ "ఆఁ, ఆఁ" అంటున్నాయి. ఆడోళ్లు బారులు తీరి దిగుతున్నారు.

అప్పుడు తట్టింది మహిమకి. ముప్ఫై రెండు మందిని పిలిచే మనిషిని ఎవరు పిలుస్తారు? ఇరవై ఏళ్లుగా అమ్మ పేరు ఒక్కళ్లన్నా పిలవగా తను వినలేదు.

గుండె నిండా గాలి పీల్చుకుంది.

"అమ్మా! జయకుమారమ్మా! ఇక్కడ మూడు కొండలు దిగొస్తన్నాయి, నువ్వింకా మెట్ల మీదేనా?"

దిగుతున్న ఆడోళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. దెబోరా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఆఁ... వస్తన్నానే తల్లీ!"

గొంతు మధ్యలో జీరపోయింది. ఆ వెనకే ముప్ఫై రెండు మంది నవ్వు. ఆ నవ్వుతో పాటు కోత మిరపకాయల ఘాటు కూడా వచ్చిందేమో, కొండ మీద పంతొమ్మిది మందీ ఒక్కసారే తుమ్మారు.

టికెట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాటి నుంచీ జయకుమారి పిలుపులో మొదటి పేరు మహిమదే. నాగజ్యోతి ఫోనులో పంపిన కబురు ఇంకోటుంది. ఆదివారం చర్చి అయ్యాక జయకుమారి జక్రయ్య పాస్టరు గారిని గుమ్మంలోనే ఆపిందంట.

"గొంతు లేదన్నారుగా అయ్యగారూ? సముద్రం అవతల నుంచి నా పేరెట్టి పిలిచింది నా కూతురు. నేనే పలికా."

సరేగానీ, మీ పేరు కూడా ఎవరో ఎక్కడో రోజూ పిలుస్తానే ఉండుంటారు. మీరు పలికి ఎన్ని రోజులైంది?