తలుపు పిడికి పసుపు చేప

ఈతకొలను నీళ్ళు ముంచిన గాజుసీసాను ఎండకెత్తి పట్టుకుని, లొరెట్టా స్పైవీ నీళ్ళ రంగు చూడటం మాని ఆఫీసు కిటికీలోకి చూస్తోంది. లోపల ఇద్దరున్నారు. ఒకడు హెరన్ కోవ్ అపార్టుమెంట్ల అసోసియేషన్ ప్రెసిడెంటు గ్లెన్ డ్రెయర్. రెండోది నిన్ననే పనిలో చేరిన మారిసెల్. తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. లొరెట్టా నీడ కిటికీ మీద పడగానే ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి.

"ఆపండి నాయనా, ఆపండి. నాకేం వినబడింది గనక," అని గొణుక్కుంటూ సీసాలో నీళ్ళు గట్టు మీద పారబోసింది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. ఫ్లోరిడా ఎండకు మచ్చలు తేలిన చేతులు, సాయంత్రానికి వాచే మోకాళ్ళు, సొంతంగా కత్తిరించుకున్న పొట్టి జుట్టు. నడుముకు కుడిపక్క తాళాల గుత్తి. ఆ బరువుకు ప్యాంటు ఒకపక్కకు జారుతూ ఉంటుంది, దాన్ని ఎగలాక్కుంటూ నడవడం వల్ల ఏళ్ళ తరబడి ఆ నడకే ఆమెకు సొంత నడకైపోయింది. ఆమె వస్తుంటే ముందు తాళాలు వస్తాయని ముసలివాళ్ళు నవ్వుతారు.

ఒకప్పుడు హైవే పక్క మోటెల్‌లో పక్కలు దులిపింది. రొయ్యల పడవెక్కి వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. పడవ మాత్రం వచ్చింది. ఆ తర్వాతే హోటల్ హాల్లో పెట్టిన ట్రైనింగ్ క్లాసులో కూర్చుని, పరీక్ష రాసి, అపార్టుమెంట్లు నడిపే మేనేజరుగా రాష్ట్రం ఇచ్చే లైసెన్సు తెచ్చుకుంది. అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలించింది. ఆ క్లాసులో పాఠాలు చాలా మరిచిపోయింది గానీ, పాఠం చెప్పినాయన చివరిరోజు అన్న మాట మాత్రం మరవలేదు: "మిమ్మల్ని చూసి నవ్వే ప్రతివాడి జేబులోనూ మీ మీద ఒక ఫిర్యాదు ఉంటుంది." ఇన్నేళ్ళూ ఆ మాటే ఆమెకు వేదం. పూలకుండీ తెచ్చిచ్చినవాళ్ళను కూడా, ఇది ఎందుకిచ్చినట్టు అని రెండుసార్లు చూసేది.

లైసెన్సు కంటే పైమెట్టు ఇంకొకటి ఉంది, పెద్ద సర్టిఫికెట్. అది వస్తే పేరు చివర అక్షరాలు తగిలించుకోవచ్చు. ఎవరూ ఊరికే తీసిపారెయ్యలేరు. లొరెట్టా దానికోసం ఒకసారి టాంపా వెళ్ళి పరీక్ష రాసి తప్పింది. పన్ను పీకించుకోవడానికి వెళ్ళానని ఇక్కడందరికీ చెప్పి, రెండు రోజులపాటు బుగ్గలో దూది పెట్టుకు తిరిగింది. నిజం తెలిసింది ఒక్కరికే, 4ఎఫ్‌లో ఉండే ఓర్విల్ టకెట్‌కు. ఒహాయోలో స్కూలు బస్సులు బాగుచేసి రిటైరైన ముసలాయన. ప్రతి మధ్యాహ్నం తన కప్పు తానే పట్టుకుని ఆఫీసుకొచ్చి, ఆమె పుస్తకంలోంచి ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్తేనే కదిలేవాడు. "ఏం పిల్లా, మీటింగుకి సరిపడా జనం రాకపోతే ఏం చేస్తావు?" అనేవాడు. "కాఫీ, కేకూ ఉన్నాయని చాటింపు వేయిస్తానండీ," అనేది లొరెట్టా. ఆయన పగలబడి నవ్వి, "అదొద్దు, పుస్తకంలో ఉన్నది చెప్పు," అనేవాడు.

అలాంటి మనిషి మొన్న ఉత్తరాల పెట్టెల దగ్గర డ్రెయర్‌తో గుసగుసలాడుతూ కనిపించాడు. ఈమెను చూసి ఠక్కున మాట మార్చి, వాన వచ్చేలా ఉందన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. మర్నాటికల్లా మారిసెల్ దిగింది, కొత్త లైసెన్సు, ఇస్త్రీ చొక్కా, చంకలో పెద్ద సర్టిఫికెట్ పాఠాల పుస్తకంతో సహా.

ఇంక అర్థం కానిదేముంది! ముసలాడు టాంపా సంగతి చెప్పేశాడు. పొమ్మనలేక పొగబెడుతున్నారు. ఈ పిల్లకు పని నేర్పించుకుని, నేర్పినదాన్ని సాగనంపుతారు. ఈ వయసులో తనకింకెవడు ఉద్యోగమిస్తాడు? మళ్ళీ మోటెల్ దుప్పట్లే గతి.

డ్రెయర్ బయటికొచ్చి, "లొరెట్టా, ఈ అమ్మాయికి అన్నీ చూపించు. ఒక్కటీ వదలకు," అన్నాడు.

"అలాగే, ఎందుకు వదుల్తాను," అంది లొరెట్టా.

నిన్న పంపుల గది చూపించింది. తుపానొస్తే కిటికీలకు రేకులు బిగించడం, లిఫ్టు ఆగితే ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పింది. ఒక్కటి మాత్రం కావాలనే చెప్పలేదు. అది చేపల సంగతి.

కొన్నేళ్ళ కిందట రెండో అంతస్తులో మిసెస్ గండ్రీ స్నానాలగదిలో పడిపోయి, పిలిచినా వినేవాళ్ళు లేక మర్నాటిదాకా అలాగే ఉండిపోయింది. ప్రాణం దక్కింది గానీ అప్పటినుంచి లొరెట్టాకు ఆ ఆలోచనే. ఈతకొలనులో పట్టుకుని తేలే పాత పసుపు పలకను చేపలుగా కోసి, తాడు కట్టి, ఒంటరిగా ఉండేవాళ్ళకు తలా ఒకటి ఇచ్చింది. పడుకునేటప్పుడు చేపను బయట తలుపు పిడికి తగిలించాలి. పొద్దున లేవగానే లోపలికి తీసుకోవాలి. పొద్దెక్కాక కూడా చేప బయటే ఉంటే లొరెట్టా తలుపు కొడుతుంది. పలక్కపోతే తాళం తీస్తుంది. అంతే. ఇది ఏ క్లాసులోనూ చెప్పరు. పైగా నిబంధనల పుస్తకం ప్రకారం తలుపుకు పూలదండ కూడా వేలాడకూడదు. అయినా కమిటీ చూసీచూడనట్టు ఊరుకుంది. ఓర్విల్ తన చేపకు పెన్సిలుతో కళ్ళజోడు గీసి, "ఇది నాకంటే బాగా చూస్తుంది," అనేవాడు.

అది తన సొంతం. అన్నీ ఇచ్చేస్తే తన దగ్గరేం మిగులుతుంది? ఆ పిల్ల పుస్తకం ఆ పిల్లకుంది కదా, అందులో వెతుక్కోనీ.

"పైనుంచి కిందికి ఒకసారి నడిచి రా," అని మారిసెల్‌ను పంపింది. "రూల్సుకి విరుద్ధంగా ఏదైనా కనబడితే చూసుకో."

"మీరు రారా, మిస్ లొరెట్టా?"

"లైసెన్సు ఉందిగా, దారి తప్పవులే."

పంపింది నేర్పడానికి కాదు, డ్రెయర్‌ను ఒంటరిగా పట్టుకోవడానికి. ఆయన వెనకాలే ఆఫీసులోకి వెళ్ళి నిలబడింది.

"ఇద్దరు మేనేజర్లు ఎందుకండీ ఈ కొంపకి?"

డ్రెయర్ కుర్చీలో కదిలాడు. "శుక్రవారం మీటింగులో మాట్లాడదాం."

"ఇప్పుడు చెప్తే నోరు పడిపోతుందా?"

"అబ్బ, శుక్రవారం అన్నానా!" అంటూ ఆయన నవ్వు ఆపుకున్నాడు. ఆ నవ్వు చూసి లొరెట్టా తాళాలు గలగలమనేలా ప్యాంటు ఎగలాక్కుంది.

మారిసెల్ తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. వెళ్ళేటప్పుడు చెయ్యి ఖాళీ. లొరెట్టా సంచీనీ ఆ పిల్ల మొహాన్నీ మార్చిమార్చి చూసింది. నా తప్పులన్నీ మూటగట్టుకొచ్చిందన్నమాట, అనుకుంది.

"మిస్ లొరెట్టా, కొన్ని తలుపులకి వేలాడుతూ..."

"నాకెందుకు చెప్తావమ్మా? మీ డ్రెయర్‌గారున్నారుగా, ఆయనకే చెప్పుకో."

"అది కాదండీ, ఒకసారి చూస్తే..."

"నిన్న పుట్టి నాకు చూపించకు. పని నాకు తెలుసు."

ఆ పిల్ల మొహం కందిపోయింది. సంచీని బల్లకింద పెట్టి, పుస్తకం తెరిచి తల వంచుకుంది.

అప్పుడు లొరెట్టా తన రోజువారీ నడకకు బయల్దేరింది. పొద్దు బాగా ఎక్కింది. తెరిచిన వరండాలమ్మట ఉప్పుగాలి కొడుతోంది. ఒక్క తలుపుకూ చేప లేదు. రోజూ మరుపుతోనో బద్ధకంతోనో ఒకటో రెండో ఉండిపోయేవి, ఆమె తలుపు కొట్టి చీవాట్లు పెట్టేది. ఇవాళ అన్నీ బోసిగా ఉన్నాయి. ఎప్పుడూ లేనిది ఇవాళెందుకిలా అని అడగాల్సింది. పూలకుండీని అనుమానించే మనిషి, కిటికీలో నీడను అనుమానించే మనిషి, దీన్ని మాత్రం అనుమానించలేదు. మనసంతా కింద ఆఫీసులో ఉంది.

4ఎఫ్ ముందు ఆగింది. లోపల టీవీలో ఎవరో తుపాన్ల గురించి చెబుతున్నారు. ఓర్విల్ దాన్ని నిద్రలో కూడా కట్టెయ్యడు. లోపలే కూచుని నా తాళాల చప్పుడు వింటున్నాడు, మొహం చూపించలేక, అనుకుంది.

"దాక్కోండి టకెట్‌గారూ, దాక్కోండి!" అని తలుపు వినేలా అంది. "ఎన్నాళ్ళు దాక్కుంటారో నేనూ చూస్తాను."

జవాబు రాలేదు. రాకపోతే పొమ్మని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం ఆయన కప్పు రాలేదు. లొరెట్టా బ్రెడ్డు ముక్కలు నములుతూ గుమ్మం వైపు చూడకూడదనుకుంది, చూస్తూనే ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది, చేసిన పని తెలుసు గనకే రాలేదు, అని మనసుకు చెప్పుకుంది. ఎవరిదో కుక్క లిఫ్టులో పాడుచేసిందని ఒకావిడ వచ్చి అరిచింది. లొరెట్టా బకెట్టు పట్టుకెళ్ళి తుడిచింది. మారిసెల్ తనూ గుడ్డ పట్టుకొస్తే, "నీకెందుకు, చొక్కా నలుగుతుంది," అని పంపేసింది. అన్నాక అదోలా అనిపించింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఎండ ఏటవాలుగా పడుతున్న వేళ, ఇంటికెళ్ళబోతూ మారిసెల్ సంచీని బల్లమీద పెట్టింది.

"మీరు తిట్టినా సరే, ఇవి మీకిచ్చే వెళ్తాను. తలుపుల మీద ఏమీ వేలాడకూడదని పుస్తకంలో ఉంది, క్లాసులో కూడా అదే చెప్పారు. అందుకని తీశాను. కానీ పారెయ్యబుద్ధి కాలేదండీ. ఎవరో చేత్తో చేసినట్టున్నాయి."

సంచిలోంచి మూడు పసుపు చేపలు బల్ల మీదికి జారాయి.

లొరెట్టా వాటిని చూసింది. ఒకటి మిసెస్ గండ్రీది, ఆవిడ కిటికీలోంచి కనబడుతూనే ఉంది, ఈతకొలను గట్టున కూచుని. రెండోది ఇందాక కుక్క గురించి అరిచినావిడది. మూడోదానికి కళ్ళజోడు ఉంది.

ఆమె పరుగున మెట్లెక్కింది. లిఫ్టు గుర్తుకే రాలేదు. మోకాళ్ళు కూడా గుర్తు రాలేదు. తాళాల గుత్తిలో ఏ తాళం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషికి 4ఎఫ్ తాళం దొరకలేదు. వెనకే పరుగెత్తుకొచ్చిన మారిసెల్ గుత్తి పట్టుకుని ఒక్కొక్కటీ చూసి తీసిచ్చింది.

ఓర్విల్ వంటింట్లో నేల మీద, అలమరాకు వీపు ఆనించి కూచుని ఉన్నాడు. ఒక కాలికే చెప్పుంది. వంటగట్టు మీద ఆయన కప్పు, అందులో కాఫీపొడి, నీళ్ళింకా పొయ్యలేదు. బల్లమీద, ప్రశ్నలు వెతకడానికి తెచ్చుకున్న లొరెట్టా పరీక్ష పుస్తకం, దానిమీద కళ్ళజోడు. టీవీలో తుపాను ఇంకా రాలేదంటున్నారు. లొరెట్టా ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా, బిర్రుగా ఉంది.

అంబులెన్సు వచ్చింది. వచ్చినావిడ, "పొద్దున ఎప్పుడో పోయి ఉంటారు. అంతకంటే ఇక్కడ చెప్పలేం," అంది. పొద్దునంటే ఎప్పుడు అని లొరెట్టా అడగలేదు. తను గుమ్మం ముందు నిలబడి అరిచినప్పుడు ఆయన వింటున్నాడా లేదా అన్నది ఆ గదిలో ఎవరూ చెప్పలేరు. ఆ అనుమానం ఇక ఆమెదే, చచ్చేదాకా.

ఆయన్ని తీసుకెళ్ళాక డ్రెయర్ వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టున్నాడు.

"శుక్రవారం దాకా ఆగమని ఓర్విలే అన్నాడు," అన్నాడు. "నీకు మనిషి తోడుంటేనే ఆ పెద్ద సర్టిఫికెట్ ట్రైనింగ్‌కి వెళ్తావట. ఈ కొంప వదిలి ఒక్కరోజు కదలదు, ఎవర్నన్నా పెట్టండని కమిటీ వెంటబడ్డాడు. మీటింగులో అందరి ముందూ తనే చెప్తానన్నాడు."

లొరెట్టా ఆయన మొహంలోకి చూసింది. అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. చచ్చినవాడి పేరు చెప్పి ఏదో కప్పిపుచ్చుతున్నాడా?

"టాంపా సంగతి చెప్పాడా?"

"చెప్పాడు. ఒకసారి తప్పింది, రెండోసారి తప్పదు, చదివిస్తోంది నేను అన్నాడు."

లొరెట్టా వరండా కమ్మీ పట్టుకుంది. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముసలాడు నిజంగానే చెప్పేశాడు. ఆమె అనుమానం అక్షరాలా నిజమైంది. అంతకు మించిన శిక్ష లేదు.

కాసేపటికి డ్రెయర్ గొంతు తగ్గించి, "చేప... ఇవాళ తలుపుకి లేదా? మరి ఆయన రాత్రి తగిలించలేదా?" అని అడిగాడు.

మారిసెల్ మెట్ల దగ్గర నిలబడిపోయింది. చేప అంటే ఏమిటో ఆ పిల్లకు అప్పుడే అర్థమవుతోంది. మొహంలో రక్తం లేదు. లొరెట్టా ఒక్కమాట అంటే చాలు. ఆ పిల్లే తీసేసిందండీ అంటే చాలు, రేపటినుంచి హెరన్ కోవ్‌కు ఒక్కరే మేనేజరు.

"తగిలించారు," అంది లొరెట్టా. "ఈ పిల్ల రూలు చూసి తీసింది. అవేంటో ఈ పిల్లకి నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. చెప్పబోతే నేనే నోరు మూయించాను. తప్పు నాదండీ. శుక్రవారం ఆ మాట కూడా రాసుకోండి."

డ్రెయర్ తల దించుకుని కిందికి వెళ్ళిపోయాడు.

లొరెట్టా నడుం నుంచి తాళాల గుత్తి విప్పింది. కుడిపక్క తేలికైపోయి, నిలబడటమే కొత్తగా ఉంది. దాన్ని మారిసెల్ చేతిలో పెట్టింది.

"పొద్దెక్కాక నడవాలి. చేప కనబడితే ముందు తలుపు కొట్టు, పేరు పెట్టి పిలువు. ముసలివాళ్ళకి చెవుడు, గట్టిగా పిలువు. పలక్కపోతే తాళం తియ్యి. ఒకవేళ అన్ని తలుపులూ ఖాళీగా ఉంటే..." ఆమె 4ఎఫ్ తలుపు వైపు చూసింది. "అన్నీ ఖాళీగా ఉంటే, అప్పుడు కూడా కొట్టు."

"మీరు రేపు రారా, మిస్ లొరెట్టా?" అంది ఆ పిల్ల ఏడుస్తూ.

లొరెట్టా ఆ పిల్ల భుజం తట్టి, అలవాటుకొద్దీ లేని బరువుకు ప్యాంటు ఎగలాక్కుని, మెట్లు దిగింది. ఆమె వెళ్తుంటే ఏ చప్పుడూ లేదు.

చీకటి పడకముందే పడుకునేవాళ్ళు ఒక్కొక్కరూ తలుపులు తీసి చేపలు తగిలించారు. మారిసెల్ తను తీసిన వాటిలో రెండింటిని ఎవరివి వాళ్ళకిచ్చింది. మూడోదాన్ని చేతిలో పట్టుకుని 4ఎఫ్ ముందు నిలబడి, ఏం చెయ్యాలో తోచక, చివరికి తలుపు పిడికే తగిలించి వెళ్ళిపోయింది. పెన్సిలు కళ్ళజోడు పెట్టుకున్న ఆ పసుపు చేప, లోపలికి తీసుకునేవాళ్ళు లేక, ఉప్పుగాలికి తలుపును చిన్నగా కొడుతూ ఉండిపోయింది.