ఇచ్చిన బంటు

నిడదవోలు స్టేషన్లో సిమెంటు బల్ల మీద మా అత్తగారు భ్రమరాంబ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, బతికుండగా వంగని మోకాళ్ళు ఇప్పుడు భేషుగ్గా వంగాయి, ఆవిడ పోయి ఏడాది కావస్తోందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. మా మధ్య చదరంగం బల్ల. పట్టాలు ఉండాల్సిన చోట మా రాజమండ్రి ఇంటి వంటగట్టు ఉంది, దాని మీద కుక్కరు అదే పనిగా కూస్తోంది, ఎవరో ఒకరు లేచి దింపాలి, ఆ ఎవరో ఎప్పుడూ నేనే. ఇవాళ చచ్చినా లేవను.

"ఎత్తు వెయ్యవే హైమా, ముహూర్తం చూడాలా?" అంటుంది.

నేను కింగ్స్ గాంబిట్ వేస్తాను. ఫోన్లో వీడియోలు చూసి పట్టుబట్టి నేర్చుకుంటున్న ఆరంభం అది: రాజు ముందు బంటుని రెండు గళ్ళు తోసి, ఆ పక్క బంటుని కూడా తోసి, తినండి బాబూ అని ఎదుటివాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యాలి, వాళ్ళు దాన్ని తినే లోపల మన బలగం అంతా బయటికొచ్చి మీద పడాలి. నాకు ఆట నేర్పింది ఈవిడే, కానీ ఈవిడది వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న దేశవాళీ ఆట, అందులో రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకచ్చు, అదీ అప్పటిదాకా చెక్ పడకుండా ఉంటేనే. అదంతా కుదరదు, టోర్నమెంటు రూల్సే ఆడాలని పేచీ పెట్టింది నేను. ఆవిడ మూతి మూడు వంకరలు తిప్పి సరే అంది.

ఇచ్చిన బంటుని ఆవిడ తీసి బొడ్లో దోపుకుంటుంది, ఒక మాటా లేదు, మర్యాదా లేదు. ఇప్పుడు నేను గుర్రాన్ని బయటికి తియ్యాలి, లేకపోతే ఆవిడ మంత్రి వచ్చి మీద పడుతుందని వీడియోలో పాఠం చెప్పే కుర్రాడు మొత్తుకుంటూనే ఉంటాడు, నా కన్ను మాత్రం ఆ పోయిన బంటు చోటు మీదే ఉంది, దాన్ని ఆక్రమించిన ఆవిడ బంటుని ఎలాగైనా తినేసి లెక్క సరిచెయ్యాలి, అందుకని నా మంత్రి ముందు బంటుని తోసి శకటుకి దారి తెరుస్తాను. ఆవిడ మంత్రి బల్ల అంచుకి వచ్చి నిలబడుతుంది. చెక్. నేను ఆలోచించే లోపలే నా చెయ్యి రాజుని పైకెత్తి, గుర్రంలా దూకించి అవతల పెడుతుంది.

ఆవిడ పకపకా నవ్వుతుంది. "రెంటికీ చెడ్డ రేవడివే నువ్వు. మీ ఇంగ్లీషు ఆటలో రాజు దూకడు. మా ఆటలో చెక్ పడ్డాక దూకడు. వెనక్కి పెట్టు."

ఆవిడ ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్ళబోయే ముందు ఆదివారం కూడా సరిగ్గా ఇదే జరిగింది, ఇలాగే నవ్వింది, నేను విసురుగా లేచిపోయాను, ఆట సగంలో ఉండిపోయింది, ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. ఈసారి లేవను. రాజుని వెనక్కి పెట్టి ఒక గడి ముందుకు జరుపుతాను. ప్లాట్‌ఫారం నిండా పసుపు వాసన, మైకులో ఏదో రైలు వస్తోందంటారు, వచ్చేది మాత్రం మా ఇంటి పనిమనిషి, చీపురుతో మా కాళ్ళ కింద ఊడ్చి వెళ్ళిపోతుంది.

నాకు ఆట గెలవాలని కూడా లేదు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక ఈవిడని చూసుకోవడం కోసం నేను కాలేజీలో లెక్కల పాఠాలు మానేశాను, మళ్ళీ పిలవలేదు వాళ్ళు. దానికి ఈవిడ నోట్లోంచి ఒక్క మాట రావాలి, అంతే. బతికుండగా రాలేదు, చచ్చాకైనా రావాలి.

"మీరు తీసుకున్నారు అత్తయ్యా. తీసుకున్నానని ఒప్పుకోండి."

"ఇస్తే తీసుకోనా? ఇచ్చినదానివి నీ ఆట నువ్వు ఆడుకోవాలి. నువ్వేమో రోజూ దాని వెనకాలే పడ్డావు. కూరలో ఉప్పు తగ్గిందంటే కాలేజీ, కాఫీ ఆలస్యమైందంటే కాలేజీ. నా చెవులు చిల్లులు పడ్డాయి."

నాకు ఒళ్ళు మండిపోతుంది. గాంబిట్ అంటే ఇచ్చేవాళ్ళు తెలిసి, కోరి ఇవ్వాలి, నేను ఇచ్చానా, మీ అబ్బాయి మీ గదిలో కూర్చుని మీతో మాట్లాడుకుని వచ్చి రేపట్నించి హైమ ఇంట్లోనే ఉంటుందని బంధువులందరికీ ఫోన్లు చేశాడు, ఆ తరవాత నాకు తెలిసింది, అని అరుస్తాను, నా అరుపుకి కుక్కరు కూత ఆగిపోతుంది.

"నన్ను ఒక్కరైనా అడిగారా?" అంటాను.

ఆవిడ బొడ్లోంచి బంటు తీసి చూస్తుంది. ఇస్తుందనుకుంటాను. మళ్ళీ దోపుకుంటుంది.

"నన్ను మటుకు ఎవరడిగారే? ఇదిగో, ఈ ఊళ్ళో నా ఇంట్లో నేను పడి ఉండేదాన్ని. కాలు సాగదు అని నీ మొగుడు కారెక్కించాడు, తాళం వాడే వేశాడు. నీ మొహం చూస్తూ నీ వంట తింటూ ఉండాలని నేను మొక్కుకున్నానా?"

"మరి ఒక్కనాడైనా నాతో చెప్పలేదేం?"

"నువ్వడిగావా?" అంటుంది, ఏ మాత్రం జాలి లేకుండా, అదే నవ్వు మొహంతో, తన గుర్రాన్ని ముందుకు తోస్తూ.

మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది. హాల్లో మా ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు, అవతల వాళ్ళ పిన్ని కొడుకు. "పర్లేదురా, డిశ్చార్జి కాగానే పిన్నిని తీసుకొచ్చి ఇక్కడ దింపెయ్. ఇంట్లో హైమ ఉందిగా, చూసుకుంటుంది."

ఊడిన జుట్టు ముడైనా వేసుకోకుండా వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాను.

"పిన్నిగారి చేతికివ్వు బాబూ. ఆవిడ ఎక్కడ ఉంటానంటారో ఆవిడనే అడగాలి," అన్నాను. తెల్లబోయి చూస్తున్న మా ఆయన వైపు తిరిగాను. "తరవాత నన్ను మీరు అడుగుదురు గాని."