నవ్వుతూ అంటాలే

పిల్లల ముందు గొంతు పెంచకూడదన్నది నా గదిలో మొదటి నియమం. పెట్టింది నేనే. మూడేళ్ళ పిల్లల తరగతికి లీడ్ టీచర్ని కాబట్టి గోడకు ఏ బొమ్మ అంటించాలి, రంగులు ఎప్పుడు బయటికి తీయాలి, కొరికే పిల్లాణ్ణి ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, అన్నీ నా మాట ప్రకారమే జరుగుతాయి. ఎవరైనా మారాం చేస్తే మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ మెల్లగా మాట్లాడతాను. కొత్తగా చేరిన టీచర్లను నా గది చూసి నేర్చుకోమని పంపిస్తారు. ఈ మాట అందరికీ గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నోరు రావడం లేదు.

అయితే నేనూ మనిషినే కదా. ఒకడు చొక్కా మీద రంగు ఒలకబోసుకుంటాడు, ఒకతి లాగు తడుపుకుంటుంది, అదే క్షణాన ఇంకొకడు బంకమట్టి ముక్కులో పెట్టుకుంటాడు. ఆ విసుగు ఎక్కడికి పోవాలి? అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, నా సహాయకురాలి మీదికి పోయేది. ఆమె ఎవరో కాదు, నా తోడికోడలు. మా మరిది భార్య. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా నేనే. పిల్లలు నన్ను పెద్ద టీచర్ అనీ, ఆమెను చిన్న టీచర్ అనీ పిలుస్తారు.

ఆమెను అనేటప్పుడు కూడా నేను నియమం తప్పలేదు. గొంతు పెంచలేదు. మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు. చిన్నపిల్లలు మాటలు పట్టించుకోరు, మొహమే చూస్తారని నా నమ్మకం. అందుకని చక్కగా నవ్వుతూ, వాళ్ళ తలల మీదుగా, "ఏమ్మా, బుర్ర ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అనేదాన్ని. "నీకు చెప్పే బదులు ఆ గోడకు చెప్పుకోవడం నయం" అనేదాన్ని. ఆమె నోట్లో నాలుక లేని మనిషి. తనూ నవ్వేసి, తడిగుడ్డ తీసుకుని నేల తుడిచేది. చూసేవాళ్ళు తోడికోడళ్ళిద్దరూ ఎంత సఖ్యంగా ఉన్నారో అనుకునేవాళ్ళు.

కింది అంతస్తులో కొత్త తరగతి తెరుస్తున్నారని, దానికి లీడ్ టీచర్ కావాలని ప్రిన్సిపాల్ నన్ను పిలిచింది.

"మీ తోడికోడలికి ఇద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?"

"మంచి పిల్లే మేడం. కానీ ఇంకా చేయి తిరగలేదు. ఒక ఏడాది పోనివ్వండి" అన్నాను.

పచ్చి అబద్ధం. ఏడుస్తూ వచ్చిన పిల్లను గుమ్మం దగ్గరే మాటల్లో పెట్టి, ఏడుపు సంగతి మర్చిపోయేలా చేసేది ఆమె. పడుకునేటప్పుడు ఎవరికి వీపు నిమరాలో, ఎవరిని ముట్టుకోకూడదో ఆమెకే తెలుసు. ఆమె వెళ్ళిపోతే నా గది రెండు రోజుల్లో సంతవుతుంది. నా పేరు కూడా దాంతోపాటే పోతుంది. అందుకే అన్నాను. అని, ఆ సాయంత్రం ఆమె పక్కనే నడుస్తూ ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఆమె కొత్త గది గురించే మాట్లాడింది. గోడలకు లేత పసుపు వేయిస్తే బాగుంటుందట.

"నాకిస్తారంటావా అక్కా?"

"చూద్దాంలే. ఆవిడ మనసులో ఏముందో" అన్నాను.

ప్రిన్సిపాల్ ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. నా తోడికోడలి పని తానే ఒకసారి చూస్తానని మర్నాడు మా గదికి వచ్చి, మూలన పిల్లల కుర్చీలో ఎలాగో సర్దుకుని కూర్చుంది.

అంతా సవ్యంగానే జరుగుతోంది. ఆటల వేళయింది. బొమ్మల మూలలో పిడుగు బడి ఆట మొదలుపెట్టింది. ఆ పిల్లకు ఆ ముద్దుపేరు మేమే పెట్టుకున్నాం, దాని నోరు ఒక్క నిమిషం ఊరుకోదు.

"నేను పెద్ద టీచర్. నువ్వు చిన్న టీచర్" అంది పక్కనున్న బొద్దు పిల్లాడితో.

"నేనవ్వను."

"అవ్వాలి."

"ఊహూ. చిన్న టీచర్ అయితే తిడతావు."

"తిట్టను. నవ్వుతూ అంటాలే" అని బుజ్జగించింది పిడుగు.

వాడు ఒప్పుకుని చెక్క గిన్నె అందుకున్నాడు. అది వాడి చేతిలోంచి జారి కింద పడింది. పిడుగు మెడ కాస్త పక్కకు వంచి, పెదాలు సాగదీసి నవ్వింది. అది నా నవ్వే. అద్దంలో కూడా నేను దాన్ని అంత స్పష్టంగా చూడలేదు.

"ఏమ్మా, బుర్ర ఇంట్లో మర్చిపోయి వచ్చావా? నీకు చెప్పే బదులు ఆ గోడకు చెప్పుకోవడం నయం" అంది, గొంతు ఏమాత్రం పెంచకుండా.

పిల్లాడి కింది పెదవి వణికింది. నాకు తల కొట్టేసినట్టయింది. ప్రిన్సిపాల్ చూపు ఆ మూల మీదే నిలిచిపోయింది. లీడ్ టీచర్ని, వెళ్ళి ఏదో ఒకటి చేయాల్సిందాన్ని, ఉన్నచోటే నిలబడిపోయాను.

నా తోడికోడలే వెళ్ళి వాళ్ళ మధ్య చతికిలబడింది. "ఆ వేషం నాకివ్వు నాన్నా, నాకు బాగా అలవాటు" అని వాడి వీపు నిమిరి, పిడుగు వైపు తిరిగింది. "పెద్ద టీచర్‌గారూ, గిన్నె పడిపోయింది. ఇప్పుడేం చేద్దాం?"

పిడుగు నవ్వు మానేసి ఆలోచించింది. "నువ్వే తీస్తావు. ఎప్పుడూ నువ్వే కదా తీసేది."

"ఇవాళ ముగ్గురం కలిసి తీద్దామా?"

ముగ్గురూ కలిసి ఒక్క గిన్నెను పెద్ద బండరాయిని మోసినట్టు మోశారు. పిల్లాడు కిలకిలా నవ్వాడు. ఏడుపు దాకా వచ్చిన ఆట అలా దారిన పడింది.

పిల్లలు పడుకున్నాక ప్రిన్సిపాల్ నన్ను తన గదికి పిలిచింది. "చేయి తిరగలేదన్నారు. నాకలా అనిపించలేదే. సరే, దాని గురించి రేపు మాట్లాడదాం. నాకు దిగులు పుట్టించినవి ఆ పిల్ల మాటలు. ఎక్కడ నేర్చుకుందని మీ తోడికోడలిని అడిగితే, పిల్లలు ఎక్కడెక్కడివో వింటుంటారండీ అంది. నాకు మాత్రం ఇంట్లో ఎవరో అంటున్నారనిపిస్తోంది. సాయంత్రం వాళ్ళమ్మతో మీరే మాట్లాడండి. ఇలాంటివి నొప్పించకుండా చెప్పడం మీకే చేతనవుతుంది."

"అలాగే మేడం" అన్నాను. తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాను.

సాయంత్రం పిడుగు తల్లి పని నుంచి నేరుగా, చెమట కూడా తుడుచుకోకుండా వచ్చింది. నేను ఆమెను గుమ్మం పక్కకు పిలిచి, "ఏం లేదమ్మా, ఇవాళ ఆటలో పాప కొన్ని మాటలంది. ఇంట్లో ఎవరైనా అలా అంటుంటారేమోనని" అని మొదలుపెట్టి, ఆ మాటలు చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. ఎంత సిగ్గులేనిదాన్నో.

ఆమె మొహం పాలిపోయింది.

"నేనేనేమో అండీ. పొద్దున్న హడావుడిలో ఏదో ఒకటి అనేస్తుంటాను. ఈ మాటే అన్నానో లేదో గుర్తులేదు. అనే ఉంటాను" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇక అననండీ. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వకండి."

ఆమె వెనకాల నా తోడికోడలు నేల మీద కూర్చుని ఎవరికో బూటు లేసు కడుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. తల మాత్రం ఎత్తలేదు.

చేయని తప్పుకు ఒక తల్లి నా ముందు తల వంచుకుని నిలబడింది. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

"మీరు అనలేదమ్మా. ఆ మాటలు నావి. చిన్న టీచర్‌ని రోజూ నేనే అంటాను. పాప నా దగ్గర నేర్చుకుంది."

ఆమె కూతుర్ని దగ్గరకు లాక్కుంది. "మరి నన్నెందుకు అడిగారండీ?" అంది మెల్లగా. జవాబు కోసం ఆగకుండా పాపను తీసుకుని వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళిపోయాక నా తోడికోడలు లేచి వచ్చింది. "అంత మాట చెప్పుకోకపోతేనేం అక్కా. మేడంకి నేను సర్దిచెప్పానుగా."

"ఇంకోటి ఉంది" అన్నాను. "కొత్త గదికి నిన్ను అనుకుంటున్నారు. నన్నడిగితే నీకింకా చేయి తిరగలేదని చెప్పాను. నువ్వు లేకపోతే నాకు జరగదని."

ఆమె చేతిలోని సంచీ బల్ల మీద పెట్టేసింది.

"తిట్లదేముంది, మా అక్కే కదా అని ఎప్పటికప్పుడు దులిపేసుకున్నాను" అంది. "ఆ మాట కూడా నవ్వుతూనే చెప్పావా?"

తలూపాను. ఆమె సంచీ తీసుకుని, నాకోసం ఆగకుండా వెళ్ళిపోయింది. నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి రెండు సంగతులూ చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కొత్త టీచర్లను ఇకమీదట కింది గదికి పంపుతానని మాత్రం అంది.

కింది గది గోడలు ఇప్పుడు లేత పసుపు. నా తోడికోడలు ఇంట్లో నన్ను అక్కా అనే పిలుస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. సాయంత్రం మాత్రం ఒక్కతే నడిచి వెళుతుంది.

నాకు కొత్త సహాయకురాలు వచ్చింది. చిన్నపిల్ల, మొదటి ఉద్యోగం. వచ్చిన రోజే రంగునీళ్ళ గిన్నె చేయి తగిలి ఒలికింది. నీలం నీళ్ళు చాప మీదుగా పారి నా చీర అంచు తడిపేశాయి. నా మెడ దానంతటదే పక్కకు వంగింది. పెదాలు సాగబోయాయి.

బొమ్మల మూలలోంచి పిడుగు లేచి నిలబడింది. దాని చూపు ఒలికిన నీళ్ళ మీద లేదు, నా మూతి మీదే ఉంది. బొద్దు పిల్లాడు కూడా ఆట ఆపేసి నా మూతి వైపే చూస్తున్నాడు.

నేను నవ్వలేదు. వెళ్ళి తడిగుడ్డ తెచ్చుకుని, నేల మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాను.

"పెద్ద టీచర్ కోపంగా ఉందా?" అని పిల్లాడు గుసగుసగా అడిగాడు.

"లేదు" అంది పిడుగు. "నవ్వడం లేదు కదా."