కామేశం డాక్టరు గారి స్టాంపు

నేను ఒక రబ్బరు స్టాంపుని. నవ్వకండి. మీరెంత పెద్దవారైనా సరే, కాగితం మీద నేను పడందే ఆఫీసుల్లో మీ మాట చెల్లదు. ఎదుటి మనిషి ముఖం చూసి నమ్మని మాటని ఊదారంగు సిరా చూసి నమ్మేస్తారు మనుషులు. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి గేటు ఎదుట గొడుగు వేసుక్కూర్చునే దాలయ్య నన్ను చెక్కాడు. చెక్కపిడికి అతికించి, తన అరచేతి మీదే ఒకసారి వేసి చూసుకుని మురిసిపోయాడు. 'డాక్టర్ పొన్నాడ కామేశం, తల, మెడ శస్త్రవైద్యులు' అని ఆ చేతి మీద రెండు రోజులు ఉంది.

కామేశం గారిది చిత్రమైన వైద్యం. ముఖం మీద ఎర్రటి గడ్డలతో పుట్టిన పిల్లలు, నాలుక కింద నీలంగా రక్తనాళాలు ఉబ్బినవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. పెద్దవాళ్లయితే తల వంచమని, గడ్డలోకి రక్తం దిగేదాకా ఓపిగ్గా చూసేవారు. వేలితో నొక్కి, వదిలి, మళ్లీ నొక్కేవారు. కత్తి పట్టారంటే ఆరు గంటలైనా నడుం వాల్చరు. కానీ ఇరవై రెండేళ్లలో 'కొయ్యాలి' అన్న మాట కింద కంటే 'కొయ్యవద్దు' అన్న మాట కిందే నేను ఎక్కువసార్లు పడ్డాను. ఆయన పేరు నా ఒంటి మీద ఉందని నాకు ఎంత గర్వమో.

ఆయనకి ఒక పాడు అలవాటుంది. పొద్దున్నే పది ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి, నన్ను కూడా వేసి, శిష్యుడు శశిధర్ చేతికిచ్చి ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయేవారు. బస్సులు మారి వచ్చినవాళ్లు తన సంతకం కోసం సాయంత్రం దాకా పడిగాపులు పడకూడదని ఆయన ఉద్దేశం. శశిధర్‌కి కుట్టుకి ముడి వేయడం నుంచి నేర్పింది ఆయనే. కన్నకొడుకుని కూడా అంత గుడ్డిగా నమ్మి ఉండరు.

ఒకరోజు అప్పలనరసమ్మ ఎనిమిది నెలల కూతురు హేమని ఎత్తుకొచ్చింది. పిల్ల దవడ మీద రేగిపండంత ఎర్రటి గడ్డ. డాక్టరు గారు నొక్కి చూసి, నోట్లో వేసే చుక్కలమందు చీటీ రాసిచ్చి, ఏడాది తిరిగేసరికి అదే తగ్గుముఖం పడుతుందన్నారు. దాని కిందనుంచే పెదవిని కదిపే నరం పోతుందని, ఎవరు చెప్పినా కొయ్యనివ్వద్దని మరీ మరీ చెప్పారు.

తర్వాత వారం ఆయన పాడేరు వైద్యశిబిరానికి వెళ్లారు. శశిధర్‌కేమో డాక్టర్ల సభలో చూపించడానికి గడ్డ తీయకముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో కావాలి. సారు సంతకం చేసి ఇచ్చినవాటిలో మిగిలిన ఒక ఖాళీ కాగితం తీశాడు. సంతకం పైన 'వెంటనే శస్త్రచికిత్స చేయాలి' అని రాసుకున్నాడు. నేను అప్పటికే ఆ సంతకం పక్కనే కూర్చుని ఉన్నాను. ఏం చేయను? నాకు నోరు లేదు.

ఆ కాగితం అప్పలనరసమ్మకి చూపించి ఒప్పించి, తనే కత్తి పట్టాడు. గడ్డ పోయింది. ఫొటో అద్భుతంగా వచ్చింది, ఎందుకంటే అందులో పిల్ల నిద్రపోతోంది. మెలకువ వచ్చి ఏడ్చేసరికి పెదవి ఒక పక్క కదల్లేదు.

విచారణ పెట్టారు. శశిధర్ తల వంచుకుని, ఎంతో వినయంగా ఆ కాగితం ముందుకు జరిపాడు. "సారు రాసిందే చేశానండి. సంతకం చూడండి, స్టాంపు చూడండి." నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరు గారు ఆ కాగితం వైపు కాక, శశిధర్ వైపే చాలాసేపు చూశారు. అతను మాత్రం తల ఎత్తలేదు.

బయట బల్ల మీద అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. ఆయన పిల్ల పెదవి చూద్దామని చెయ్యి చాపితే, పిల్లని కొంగు చాటుకి తిప్పేసుకుంది.

"నాతోటి కొయ్యద్దని సెప్పినారు. కాయితం మీద కొయ్యమని రాసినారు. ఏ మాట నమ్మాల బాబూ?"

"ఆ మాట రాసింది నేను కాదమ్మా," అన్నారాయన. ఆగి, "సంతకం మాత్రం నాదే," అన్నారు.

ఆమె పిల్లని భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆయన తన గదికొచ్చి ఖాళీ సంతకాల సంగతంతా దాచకుండా చేత్తో రాసి, విచారణ వాళ్లకి పంపారు. దాని మీద నన్ను వేయలేదు. తర్వాత చిన్న కత్తి తీసి, నా ఒంటి మీది అక్షరాలు ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టారు. ముందు తన పేరే తీశారు.

శిష్యుడు ఆయన్ని మోసం చేశాడు. ఆయన నమ్మకం ఆ తల్లిని మోసం చేసింది. మధ్యలో ఉన్నది నేనే. ఇప్పుడు విరిగిన కత్తెరల పక్కన, సొరుగులో, నున్నటి రబ్బరు ముక్కనై పడి ఉన్నాను. ఎవరైనా తీసి కాగితం మీద నొక్కినా, ఇక ఏ మాటా పడదు.