నా వేలి నెత్తురు

ఫ్రిజ్ తుడుద్దామని తలుపు తీస్తే యాంటీబాడీ సీసా లేదు. దాని అరలో ఆరు బీరు సీసాలున్నాయి. రెండు రోజులు పుట్టింటికి వెళ్లి వచ్చేసరికి, చిటికెన వేలంత ఆ సీసా కిటికీలో మాడుతోంది. భద్రాచలం ఎండ, అందులోనూ మే నెల.

"మనోళ్లు వచ్చిన్రు, చోటు చాల్లేదు. రెండ్రోజులు బయటుంటే చస్తదా? ఏందే నీ గోల?" అన్నాడు నా భర్త ఉదయ్ భాస్కర్. మా ఇంటి ముందు గదే ల్యాబ్, ఆయన పాథాలజిస్టు. పని నాది, సంతకం ఆయనది. "పెరుగు పక్కన నెత్తురు మందులేందమ్మాయ్, పోతే పోయింది" అని అత్తగారు వంత పాడింది.

తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమ్‌ను ఆ సీసాలోని మందు పట్టిస్తుంది. ఎంజైమ్ ఉంటే స్లైడ్ మీద గోధుమరంగు తేలుతుంది. బ్లడ్ క్యాన్సర్‌లో ఆ రంగు వస్తే ఒక వైద్యం, రాకపోతే ఇంకో వైద్యం. మందు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి పక్కనే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా పెట్టాలి. దాన్ని కంట్రోల్ అంటారు. ఏడేళ్లుగా ఆ రక్తం నాదే. సూదిపోట్లకు నా ఉంగరపు వేలు కాయలు కాచింది. "ఊరికే వచ్చే నెత్తురు" అని ఆయన స్నేహితుల ముందు నవ్వుతాడు.

ఆ రోజే పర్ణశాల అవతలి గూడెం నుంచి ముసలయ్య తన పదేళ్ల కూతురు దుర్గను బ్లడ్ క్యాన్సర్ అనుమానంతో తెచ్చాడు. దుర్గ స్లైడ్‌కు రంగు రాలేదు. నా స్లైడ్‌కూ రాలేదు. నాకు రోగం లేదు కాబట్టి చచ్చింది మందే.

చెప్పాను. "రేపు ఖమ్మం డాక్టర్ల మీటింగ్‌ల ఈ కేసే చూపిస్తున్న. రంగు రాలేదని రాయి. కంట్రోల్ ఎవడడుగుతడు? నువ్వు నాకు పాథాలజీ చెప్తవా?" అన్నాడు మా ఆయన. ఒకసారి చెప్పాను, చాలు. రెండోసారి చెప్పలేదు. ఆయన సంతకం చేసిన రిపోర్టును నా సంచిలోనే దాచేసి, పరీక్ష మళ్లీ చేయమని పెద్ద దవాఖానాకు ఉత్తరం రాసి, తండ్రీకూతుళ్లను సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కించాను. "మా పిల్ల బతుకుతదా అమ్మా?" అన్నాడు ముసలయ్య. "అక్కడ సరిగ్గా చూస్తారు, జల్దీ పో" అన్నాను. ఆ పిల్లను పణంగా పెట్టి పగ తీర్చుకునేంత పాపిష్టిదాన్ని కాను.

మర్నాడు బయలుదేరుతుంటే అత్తగారు ఎగాదిగా చూసింది. "మైక్రోస్కోపు మోసేదానికి పట్టుచీరేందమ్మాయ్?"

మైక్రోస్కోపు పెట్టె ఎత్తుకుని ఆయన వెంట నడిచాను.

ఖమ్మంలో ముప్పైమంది డాక్టర్ల ముందు ఆయన తెర మీద దుర్గ స్లైడ్ చూపించి ఇంగ్లిషులో దంచాడు. ముందు వరసలో తెల్లజుట్టు పెద్ద డాక్టరమ్మ చెయ్యెత్తింది. "కంట్రోల్ ఏదయ్యా?"

"అది మంచిగనే వచ్చింది మేడం."

నేను హ్యాండ్‌బ్యాగులోంచి స్లైడ్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. "ఇదే మేడం. నా రక్తం." తెర మీద ఎక్కడా గోధుమరంగు లేదు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "ఇంటికి పా, నీ సంగతి చెప్త" అని పళ్ల మధ్యనుంచి అన్నాడు.

"మందు ఎట్లా పాడైందమ్మా?" అంది ఆవిడ.

హాలు చివరిదాకా వినపడేలా చెప్పాను. "మా ఆయన బీర్లకు ఫ్రిజ్‌లో చోటు చాలక ఎండలో పెట్టారు మేడం."

ఈ ఒక్క మాట చెప్పడానికే పట్టుచీర కట్టుకున్నాను.