పోలిగాడి పీట

నేను ఒక వడిసెలను. మద్దిలేటి మీద నాకు పీకలదాకా కోపం. కొడవలితో నన్ను రెండు ముక్కలు చేశాడు, పాపిష్టివాడు. నేను చేసిన నేరమేమిటి? తరమమన్న పిట్టల్నే కదా తరిమాను!

నా పుట్టుక జనుము చేలో. నారను నానబెట్టి, బాది, తొడ మీద పేని నన్ను అల్లింది మద్దిలేటే. జొన్న కంకి పాలుపోసుకునే వేళకు ఇద్దరం మంచె ఎక్కాం. రాయి పెట్టి తిప్పి వదిలితే చేనంతా ఉలిక్కిపడేది. చిలకలు పోయాయి, పిచ్చుకలు పోయాయి. అప్పటికీ మద్దిలేటి చేతిదురద తీరలేదు. బర్రె వీపు మీద కూర్చుని, దాని కాళ్ల కింద లేచే మిడతల్ని పట్టి తినే పసులపోలిగాణ్ణి కూడా తరిమాడు. ఆ నల్లపిట్ట జొన్నగింజ ముట్టి ఎరగదు. ఆ సంగతి నాకేం తెలుసు? నేనేమన్నా బడికి పోయినదాన్నా!

జొన్న ఇంటికి చేరింది. దాని సాళ్ల మధ్య వేసిన కంది పూతకొచ్చింది. ఇక ఏడాది బతుకంతా ఆ కంది మీదే. పూతతోపాటే పచ్చపురుగూ దిగింది. మద్దిలేటి మందు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. పురుగు చావలేదు. పురుగును తినే సాలీళ్లు చచ్చాయి.

గట్టు మీద తల పట్టుకున్న మొగుణ్ణి చూసి సుంకులమ్మ ఊరుకుంటుందా?

"గింజ తినేదేదో, పురుగు తినేదేదో సూసుకోకుండా రాళ్లు ఇసిరితివి. ఇప్పుడీ పురుగుల్ని నువ్వు తింటావా?"

"పిట్టంటే పిట్టే అనుకుంటినే!"

"నీకంటే మన బర్రె నయం. పోలిగానికి వీపన్నా ఇచ్చె. నువ్వు కూసోనీకి ఒక పుల్లన్నా ఇయ్యి."

ఆ మాటకే నా మీద కొడవలి పడింది. చేలో అక్కడక్కడ గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టాడు మద్దిలేటి. పాత తాళ్లు చాలక చివరి రెంటికీ నన్ను చుట్టాడు.

ఒక పొద్దున పోలిగాడు వచ్చి, ఎక్కడా చోటు లేనట్టు, నా మీదే వాలాడు. కిందికి దూకి పురుగును పట్టుకొచ్చాడు. మింగి, ముక్కు నాకే తుడుచుకున్నాడు. మద్దిలేటి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఒసే, ఇంకోడొచ్చె సూడే!" అన్నాడు గుసగుసగా.

వాటి వెనకే గోరింకలు దిగాయి. కందికి మళ్లీ పూత వచ్చింది, ఈసారి నిలిచింది. వచ్చే ఏడు గట్టు పక్క జొన్నసాలు పిట్టలదేనట. సుంకులమ్మ చెప్పేసింది, మద్దిలేటి తలూపాడు. ఒక కడుపును ఇంకో కడుపుకు కట్టేసిన తాడు చేలో ఉందని ఇన్నాళ్లూ తాడునై ఉండీ నేను ఎరగను.

పురుగు పడ్డప్పుడు మూడెకరాలూ మట్టిలో కలిశాయని ఊరంతా ఏడ్చి వచ్చాడు మద్దిలేటి. తీరా కంది కోసి కుప్ప వేశాక చూస్తే, పురుగుకు పోయింది గట్టు పక్క నలభై సెంట్లే.